నీళ్లలో చేప, నీళ్లపై ఆకు

2022లో దీపావళి వెళ్లిన నాలుగో రోజున మా మేనల్లుడు ఒక కాగితాల కట్ట తెచ్చి నా రాతబల్ల మీద పెట్టాడు. పైన ఉన్నవి మా ఎకరం పొలానికి సంబంధించిన తాకట్టు పత్రాలు. వాటి అడుగున ఉన్నది ఒక ఆంగ్ల గ్రంథం. పత్రాల మీద సంతకం చేయాలట. గ్రంథాన్ని చదివి తనకు అర్థమయ్యే భాషలో చెప్పాలట. “ముందు ఏది చేస్తావు అత్తా?” అని అడిగాడు. చదవడమే ముందన్నాను. పాతికేళ్లుగా అనువాదం మీద బతుకుతున్నదాన్ని. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టలేని జబ్బు నాకు ఆ వృత్తి వల్లనే వచ్చింది.

మేముండేది ఆరంగ్‌లో. రాయపూర్‌కు తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున ఉన్న పాత పట్టణం. శ్రీకృష్ణుడు పరీక్షింపగా రంపపుకోతకు సిద్ధపడిన మయూరధ్వజుని రాజధాని ఇదేననీ, ‘ఆరా’ అంటే రంపం గనుక ఊరికి ఆ పేరు వచ్చిందనీ ఇక్కడివారు చెప్పుకుంటారు. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంబడి ఉద్యోగం కోసం వచ్చిన తెలుగువారిలో మా తాతగారొకరు. ఆయన కొన్న ఇల్లూ, ఎకరం వరిపొలమూ ఇప్పుడు మా అన్నయ్య పేరా, నా పేరా ఉమ్మడిగా ఉన్నాయి. మేనల్లుడికి తెలుగు మాట్లాడడం వచ్చును గాని చదవడం రాదు, హిందీలో బి.ఎస్‌సి. చదివి రెండేళ్లుగా ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు.

వాడి పథకం ఇది. పొలం తాకట్టు పెట్టి, వచ్చిన సొమ్ముతో ఒక పెద్ద షెడ్డు కట్టాలి. లోపల తొట్లలో చేపలు, వాటి నీటి మీద తేలే పలకల్లో లెట్యూస్ మొక్కలు, పైన విద్యుద్దీపాలు. మట్టి లేదు, ఎరువు లేదు, ఎండతో పనిలేదు. ఆకు రాయపూర్ హోటళ్లకు, చేప సంతకు. పరికరాలు అమ్మే మనిషి ఒకడు వాడికి రంగురంగుల బొమ్మలు చూపి, నీరు పదోవంతు చాలుననీ ఏడాదికి పది పంటలు తీయవచ్చుననీ చెప్పాడు. నేను ఒక బేరం పెట్టాను: ఇంటి వెనుక, నాయనమ్మ ధాన్యం పోసుకున్న కిటికీలేని గది ఖాళీగా ఉన్నది, ఒక సంవత్సరం అందులో చిన్నగా చేసి చూపించు, తర్వాత సంతకం సంగతి చూద్దాం. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని ఒప్పుకున్నాడు.

గ్రంథం సామాన్యమైనది కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రచురించిన 589వ సాంకేతిక పత్రం, చిన్నతరహా ఆక్వాపోనిక్స్ మీద. పేరు దగ్గరే నా కలం ఆగింది. మట్టి లేకుండా నీటిలో పైరు పెంచే విద్యకు 1937లో కాలిఫోర్నియా ఆచార్యుడు విలియం గెరికె ‘హైడ్రోపోనిక్స్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. గ్రీకులో ‘పోనోస్’ అంటే శ్రమ. దానికి లాటిన్ నీటిని తగిలించి, చేపల పెంపకాన్ని కలిపితే ఆక్వాపోనిక్స్ అయింది. ‘మత్స్యసస్య సహజీవన కృషి’ అని నేను ఘనంగా అనువదిస్తే మేనల్లుడు నవ్వి, “చేపనీళ్ల సాగు అందాం అత్తా” అన్నాడు. ఇంట్లో ఆ పేరే నిలిచింది.

లెట్యూస్ విషయంలోనూ నాకొక పాత అపరాధం ఉన్నది. ఇరవై ఏళ్ల కిందట ఒక కథను తెనిగిస్తూ ఆ మాట దగ్గర ‘ఒక విధమైన ఆకుకూర’ అని రాసి తప్పించుకున్నాను. చూసి ఎరగని ఆకు. హిందీవారు కాహూ అంటారు. దాని లాటిన్ పేరు ‘లాక్టూకా’లో ఉన్నది పాలు; కాడ విరిస్తే తెల్లని పాలు కారడం వల్ల వచ్చిన పేరు. ఆ పాలకు మత్తు కలిగించే గుణం ఉన్నదని ఐరోపాలో ప్రాచీన కాలం నుంచీ నమ్మకం. బీట్రిక్స్ పాటర్ 1909 నాటి పిల్లల కథలో కుందేళ్లు లెట్యూస్ తిని నిద్రపోవడం అందుకే. కళాశాలలో చదువుకున్నప్పుడు ఇదంతా నాకు కేవలం అక్షరం. ఆ పాలను వేళ్లమీద చూసుకునే రోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఇక యంత్రాంగం. 500 లీటర్ల తొట్టిలో చేపలు. చిన్న మోటారు ఆ నీటిని గులకరాళ్లు నింపిన పీపా గుండా తోడి, రెండు చదరపు మీటర్ల వెడల్పున్న లోతు తక్కువ మడిలోకి పంపుతుంది. మడి మీద తేలే థర్మోకోల్ పలకకు రంధ్రాలు, రంధ్రాలలో జల్లి గిన్నెలు, వాటిలో మొక్కలు. వేళ్లు నీటిలో వేలాడుతుంటాయి. మడి దాటిన నీరు తిరిగి చేపల తొట్టిలోకి. ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున రుజువు చేసినవాడు జేమ్స్ రాకొసీ. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రాయ్ ద్వీపంలో, వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో 1980 ప్రాంతం నుంచి మూడు దశాబ్దాలు ఆయన ఈ పనిమీదనే ఉన్నాడు. అక్కడ ఇంటికప్పు మీద పడిన వానచుక్కను కూడా తొట్లలో దాచుకుంటారు. నీరే బంగారమైన చోట పుట్టిన విద్య ఇది. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకోవాలి, తర్వాత పనికివస్తుంది. రాకొసీ తొట్లు ఆరుబయట ఉష్ణమండలపు ఎండలో ఉన్నవన్న సంగతి కూడా.

నవంబరులో తొట్టి నిలబడగానే మా వాడు ఆగలేకపోయాడు. నేను ఇంకా మూడవ అధ్యాయంలో ఉన్నాను. వాడు నలభై బంగారుతీగ పిల్లలను తెచ్చి వదిలాడు, నిండుగా మేత వేశాడు. నీరు అద్దంలా తేటగా ఉన్నది. ఆరవ రోజున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. తొమ్మిదవ రోజుకు నలభైలో ఒక్కటీ మిగలలేదు. వాడు ఆ రోజు అన్నం తినలేదు. నేను గదిలో కూర్చుని ఐదవ అధ్యాయం తెరిచాను. అది మొత్తం సూక్ష్మజీవుల గురించి.

చేప మేతలోని మాంసకృత్తులలో నత్రజని ఉంటుంది. అందులో చాలా భాగం మొప్పల గుండా అమోనియాగా నీటిలోకి వస్తుంది. మా మడికి పూర్తిగా సరిపడే మేత రోజుకు సుమారు 90 గ్రాములు. దాని నుంచి రోజూ వెలువడే అమోనియా నత్రజని రెండున్నర గ్రాములకు పైమాటే. అది రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి దాదాపు నిరపాయం, ఒకటి విషం. ఏది ఎంత అన్నది నీటి క్షారగుణాన్ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో, విషరూపం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి ఐదు దాటుతుంది. మా బోరునీరు సరిగ్గా 8. అంటే అదే అమోనియా మా ఇంట్లో దాదాపు పదిరెట్లు విషం. తేటనీరు మంచినీరని మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. ఆ తేటలోనే నలభై ప్రాణాలు పోయాయి.

ఈ విషాన్ని మొక్క తినే ఆహారంగా మార్చేవి కంటికి కనపడని జీవులు. వాటి కథ వెతుకుతూ నేను అనువాదం పక్కన పెట్టి రెండు రోజులు గడిపాను. 1877లో ప్యారిస్‌లో ష్లోజింగ్, మ్యూంట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా బొట్లుబొట్లుగా పోశారు. సుమారు ఇరవై రోజులు ఏమీ జరగలేదు; అమోనియా అమోనియాగానే కిందికి వచ్చింది. తర్వాత నైట్రేటు కనిపించడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పంపగానే ఆగిపోయింది. తోటమట్టి కడిగిన నీరు పోస్తే మళ్లీ మొదలైంది. రసాయన చర్య మాత్రమే అయితే ఇరవై రోజులు ఎందుకు వేచి ఉండాలి? మత్తుమందుకు ఎందుకు లొంగాలి? ఇది ప్రాణుల పని అని తేలింది. పదమూడేళ్ల తర్వాత, 1890లో, రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినొగ్రాడ్‌స్కీ ఆ జీవులను వేరుచేశాడు. ఒక జాతి అమోనియాను నైట్రైటుగా మారుస్తుందనీ, మరొకటి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుందనీ నూట పాతికేళ్లు పాఠ్యపుస్తకాలు రాశాయి. 2015లో రెండు పనులూ ఒక్కటే చేసే జీవి బయటపడింది. దానిని కనుగొన్న రెండు బృందాల్లో ఒకటైన నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులకు అది దొరికింది ఎక్కడనుకున్నారు? చేపల తొట్టి నీటిని శుభ్రపరిచే వడపోత పరికరంలో.

కాబట్టి మా పీపాలోని గులకరాళ్లు వడపోత కోసం కాదు. ఈ జీవులకు అవి ఇళ్లు. ఇల్లు కట్టినంత మాత్రాన కాపురం నిండదు గదా. మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి చేపలు లేకుండా. రాయపూర్ నుంచి శుద్ధమైన నవాసారం తెచ్చి, కొలతగా నీటిలో కలిపాం. గిన్నెలకు కళాయి వేసేవారు వాడే పదార్థమే అది; నీటిలో అమోనియాకు మూలం అవుతుంది. ప్రతి సాయంత్రం పరీక్షా గొట్టంలో రంగు చూడడం. రెండు వారాలు రంగు మారలేదు. అన్నయ్య ఆ గది ముందు నుంచి వెళ్తూ “ఖాళీ తొట్టికి దీపారాధన చేస్తున్నారా?” అని అడిగేవాడు. మూడవ వారంలో అమోనియా తగ్గింది, నైట్రైటు పెరిగింది. ఇదీ అపాయమే, చేప రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. చలికాలం గనుక ఆ జీవులూ మందకొడిగానే ఉన్నాయి. సంక్రాంతికి రెండు రోజుల ముందు అమోనియా, నైట్రైటు రెండూ కనబడకుండా పోయి, నైట్రేటు గొట్టం ఎర్రబడింది. మేనల్లుడు ఆ గొట్టాన్ని తెచ్చి వాళ్ల నాన్నకు చూపించాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు గాని కాఫీ తాగుతున్న గ్లాసు కింద పెట్టి చూశాడు.

ఏ చేప వేయాలన్నది తర్వాతి ప్రశ్న. ప్రపంచమంతా దీనికి తిలాపియాను వాడుతుంది. మన దేశానికి అది 1952లో వచ్చింది. చెరువుల్లో మితిమీరి పెరిగి ఇతర చేపలను అణచివేస్తుందని 1959లోనే ఆంక్ష పడింది. మేలుజాతి తిలాపియాను విజయవాడ సమీపాన మణికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం పెంచినా, పెంపకానికి అనుమతి కావాలి. మేము నాటు మాగుర్‌ను ఎంచుకున్నాం, మన మార్పుచేప. నిషేధంలో ఉన్న థాయి మాగుర్‌ను నాటుదని అమ్మేవారున్నారు, చూసి కొనాలి. ఇది గాలి పీల్చగల చేప. తొట్టికి వల మూత కూడా తప్పనిసరి అని ఒక రాత్రి తెలిసింది. ఒకటి గది దాటి వసారా దాటి నా నిఘంటువుల అలమార కింద దొరికింది. ఇంకా బతికే ఉన్నది.

ఫిబ్రవరి చివర తొలి పంట. నలభై మొక్కలు, ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు, మొత్తం ఆరు కిలోలు. అంత లేత పచ్చదనాన్ని ఆ చీకటి గదిలో చూడడం వింతగా ఉండేది; నాయనమ్మ ఉంటే దిష్టి తీసేది. నాలుగు కిలోలు రాయపూర్‌లో ఒక హోటలువారు తీసుకున్నారు. మిగిలినది ఆరంగ్ సంతలో పెడితే, పక్కన కూరలమ్మే ఒక పెద్దావిడ ఆకును తిప్పి తిప్పి చూసి, “గోబీయే, మూసుకోవడం మరచిపోయింది” అని తీర్పు చెప్పింది. ఉల్లిపాయ, నిమ్మరసంతో మా ఇంట్లో తిన్నాం. నిజం చెప్పాలంటే చల్లని నీటి రుచి తప్ప మరేమీ లేదు. అన్నయ్య దానితో పప్పు చేయమన్నాడు. అది మాత్రం చేయకూడదని ఇప్పుడు అనుభవం మీద చెప్పగలను.

చేపమేతలో మొక్కకు కావలసినవన్నీ ఉండవు. ఇనుము, పొటాషియం, కాల్షియం తక్కువ పడతాయి. ఆకు ఈనెల మధ్య పసుపెక్కితే ఇనుము వేయాలి. సూక్ష్మజీవులు పనిచేసేకొద్దీ నీరు ఆమ్లగుణం వైపు జారుతుంది, దాన్ని సరిచేయాలి. పేనుబంక పట్టితే మందు కొట్టడానికి లేదు. వేపనూనె కూడా చేపకు చేటే. ఇవన్నీ ఓపిక ఉంటే దాటగల చిక్కులు.

దాటలేనిది మార్చిలో వచ్చింది. లెట్యూస్‌కు 15 నుంచి 22 డిగ్రీల వేడి హాయి. 24 దాటితే ఆకు పెంచడం మాని కాడ లేపి పూతకు పరుగెడుతుంది. ధాన్యపు గది మార్చి మూడవ వారానికి 31కి చేరింది. విత్తనాలు కూడా ఆ వేడికి మొలకెత్తవు. తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మొలిపించాం. నాటిన మొక్కలు నిటారుగా లేచాయి. కాడ విరిస్తే పాలు కారాయి. ఆకు నోట పెట్టలేనంత చేదు. లాటిన్‌వాడు పేరు ఊరికే పెట్టలేదు. నా వేళ్లకు అంటిన ఆ పాలు చూస్తూ, ఇరవై ఏళ్ల కిందటి ‘ఒక విధమైన ఆకుకూర’ను ఎలా తప్పించుకున్నానో గుర్తుచేసుకున్నాను.

మేనల్లుడు ఏసీ పెట్టాలన్నాడు. దానికి ముందు లెక్క వేద్దామన్నాను. రెండు చదరపు మీటర్ల మడికి దీపాలు 200 వాట్లు, రోజుకు 14 గంటలు, అంటే 2.8 యూనిట్లు. మోటారు, గాలి పంపు కలిసి 40 వాట్లు, పగలూ రాత్రీ. ఇంచుమించు ఒక యూనిట్. రోజుకు 3.8 చొప్పున 35 రోజులకు 133 యూనిట్లు. ఆరు కిలోలకు పంచితే కిలో ఆకుకు 22 యూనిట్లు. చలికాలంలో, చల్లబరిచే ఖర్చు లేకుండానే. హోటలువారిచ్చిన ధరలో ఎక్కువ భాగం దానికే చెల్లిపోయింది. మేము ఎక్కడో పొరపాటు పడ్డామేమోనని నేను వెతికాను. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన ఒక గణన దొరికింది. చేపలు లేకుండా, మట్టి లేకుండా నీటిలోనే పెంచే లెట్యూస్‌కూ, పొలంలో పెంచేదానికీ పోలిక. నీటిసాగులో చదరపు మీటరుకు ఏడాదికి 41 కిలోలు, పొలంలో సుమారు 4. కిలోకు నీరు అక్కడ 20 లీటర్లు, పొలంలో 250. అమ్మకందారు చెప్పినవి అబద్ధాలు కావన్నమాట. కాని కిలోకు శక్తి నీటిసాగులో 90,000 కిలోజౌళ్లు, పొలంలో 1,100. తొంభైవేల కిలోజౌళ్లంటే 25 యూనిట్లు. మా ధాన్యపు గది లెక్కకూ వారి లెక్కకూ ఉన్న దగ్గరితనం చూసి మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రంగుల బొమ్మల్లో నీటి లెక్క ఉన్నది, విద్యుత్తు లెక్క లేదు.

జూన్‌లో తొలకరి గాలివానకు తీగలు తెగి పదకొండు గంటలు కరెంటు పోయింది. ఇన్వర్టరు మూడు గంటలకే నిద్రపోయింది. మేనల్లుడు తొట్టి పక్కన పీట వేసుకుని, తెల్లవారేదాకా చెంబుతో నీరు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాడు. మాగుర్లు ఒక్కొక్కటీ పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి కిందికి పోయేవి. ఒక్కటీ చావలేదు. బంగారుతీగలైతే మిగిలేవి కావు. కొవ్వొత్తి వెలుగులో వాడు అన్నాడు: “ఇంత చిన్న తొట్టికే చెంబు చాలడం లేదు. షెడ్డు నిండా ఉంటే ఏం చేసేవాడిని అత్తా?”

ఛత్తీస్‌గఢ్‌లో పాత ఊళ్ల చెరువుల లెక్క చెప్పేటప్పుడు ‘ఛై ఆగర్ ఛై కోరి’ అంటారు. కోరి అంటే ఇరవై. ఆరు ఇరవైల మీద ఆరు, నూట ఇరవై ఆరు. సంఖ్య అక్షరాలా నిజం కాకపోవచ్చు, కాని ఇది సెయింట్ క్రాయ్ కాదు, వాననీటిని నేలమీదనే నిలుపుకోవడం తెలిసిన దేశం. ఇక్కడివారికి ముప్పయ్యారు రకాల భాజీలున్నాయని వాడుక. వాటిలో కరమత్తా, మన తూటికూర, నీటిలోనే పెరుగుతుంది, ఎండను లెక్కచేయదు. జులైలో మా వాడు మడినీ తొట్టినీ ధాన్యపు గదిలోంచి పెరట్లోకి మార్చి, దీపాలు తీసేసి, లెట్యూస్ ఉన్న రంధ్రాల్లో తూటికూర తీగలు గుచ్చాడు. మూడు వారాలకు కోసిన కూర ఆరంగ్ సంతలో పది గంటలకల్లా అమ్ముడుపోయింది. పెద్దావిడ ఈసారి పేరు అడగలేదు.

సెప్టెంబరులో వాడు మళ్లీ కాగితాలు తెచ్చాడు. తాకట్టు పత్రాలు కావు. పొలంలో పల్లపు మూల పావు ఎకరంలో చేపల చెరువు తవ్వి, ఆ నీటినే గట్ల మీద కూరమడులకు పారించాలని ఆలోచన. గులకరాళ్ల పీపా చేసే పనిని గట్టు మట్టిలోని జీవులు చేస్తాయి. దీపాల పని సూర్యుడిది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చెరువు ఖర్చులో సాధారణ వర్గంవారికి 40 శాతం, స్త్రీలకు 60 శాతం సాయం అప్పట్లో ఇస్తున్నారు. “అందుకని దరఖాస్తు నీ పేరున రాశాను” అన్నాడు. అన్నయ్య అభ్యంతరం లేదని తన వంతు కాగితం మీద అప్పటికే సంతకం చేసి ఉన్నాడు. నేను మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. వృత్తి అన్న గడిలో ‘అనువాదం’ అని నింపి సంతకం చేశాను. మా వాడు దాన్ని చూసి, మరో కొత్త ఫారం తీసి, ఆ గడిలో తానే ‘చేపల రైతు’ అని రాసి, మళ్లీ సంతకం పెట్టమన్నాడు.